జంధ్యం చూసి ఇచ్చిన ఇల్లు

మా వైపు సూరత్‌కో భీవండికో బతకడానికి పోయినవాణ్ణి ఊరు వదిలాడని అనరు, దేశం పోయాడంటారు. మా మామయ్య అట్లా వయసులో ఉన్నప్పుడే దేశం వచ్చి, మరమగ్గాల మీద పనిచేసి, ఇక్కడ సూరత్‌లోనే ముసలివాడయ్యాడు. నేను పెళ్లయి వచ్చాను. వచ్చినప్పటినుంచీ లింబాయత్‌లోని ఒక సందులో కింద మగ్గాల షెడ్డు, పైన మా రెండు గదులు. షెడ్డు నడిచినంతసేపూ అరమీది గిన్నెలు వాటంతటవే అంచుకు జరిగేవి, నేను వెనక్కి తోస్తుండేదాన్ని. ఎప్పుడన్నా మరమ్మతుకని షెడ్డు ఆపితే ఆ సద్దు లేక మా ఆయనకు నిద్ర పట్టేది కాదు. నాకు మాత్రం ఆ ఒక్కరోజే పట్టేది.

మా ఆయనకు హజీరాలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. కంపెనీ బస్సు మా సందు దగ్గరికి రాదు. తెల్లవారకముందే లేచి, ఆటో మారి, బస్సు ఆగే చోటికి పోవాలి. పాప ఐదో తరగతికి వచ్చింది. చదువుకుందామని కూర్చుంటే పాఠం గట్టిగా అరిచి చదివితే తప్ప దానికే వినపడేది కాదు. అందుకని సొంతిల్లు చూసుకుందామని నిర్ణయించుకున్నాం. నిర్ణయించింది నేను, మా ఆయనా మామయ్యా కాదనలేదు, అంతే.

కాదనకపోయినా ఎవరి మనసులో వాళ్లకు ఒక చోటు ఉంది. మా ఆయన పక్క సందు దాటి బయటికి రాడు. "మనోళ్లంత ఈడనే ఉన్నరు, గాడికి బోయి ఎవరితోని మాట్లాడుతవ్?" అన్నాడు. మామయ్యకు కడోదరా మీద మనసు. ఆయనతో పాటు మగ్గం నడిపిన దోస్తు ఒకాయన అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, వాళ్ల పక్కిల్లు అమ్ముతారట. వాకిలి ఉంది, కూరగాయలు పెట్టుకునేంత జాగా ఉంది. హజీరా ఒక కొసనుంటే కడోదరా ఇంకో కొసన ఉంటుందని చెబితే, "బస్సుల నిద్రపోతడు తియ్యి" అన్నాడు కొడుకు గురించి. నాకు ఆల్థాన్ కావాలి. కంపెనీ బస్సు రోడ్డుమీదే ఆగుతుంది, బడి కూడా దగ్గరే. ఇవి నేను పైకి చెప్పిన కారణాలు. అసలు సంగతి, ఒకసారి మా ఆడబిడ్డతో కలిసి చీరలకు మెరిసే టిక్కీలు అంటించే పని ఇచ్చే ఆవిడ ఇంటికి ఆల్థాన్ పోయాను. నాలుగో అంతస్తు. ఆమె లోపల సరుకు తెచ్చేలోగా బాల్కనీలో నిలబడ్డాను. గాలి వీస్తోంది, కింద ఎవరో మెల్లగా మాట్లాడుకుంటుంటే ఆ మాటలు పైదాకా వినపడుతున్నాయి. నాకు అట్లాంటి ఇల్లు కావాలనిపించింది. అప్పటిదాకా సూరత్‌లో నాకు ఏదీ కావాలనిపించలేదు.

ఆల్థాన్‌లో ఇల్లు చూపించే బ్రోకర్లు గదులు ఎన్ని కావాలని మొదట అడగరు. నాన్‌వెజ్ తింటారా అని అడుగుతారు. మొదటి బ్రోకరు అడిగితే మా ఆయన ఏదో తగ్గించి చెబుతున్నట్టు "ఆదివారం ఒక్కనాడే" అన్నాడు. అతను స్కూటర్ అక్కడే వెనక్కి తిప్పాడు. రెండోచోట ఇంటావిడే నన్ను అడిగింది. తింటామని చెప్పేశాను. అబద్ధం ఆడకూడదని కాదు, అబద్ధం తయారుగా లేదు.

మూడో ఇల్లు చూడటానికి మామయ్య కూడా వచ్చాడు. ఆరోజు లిఫ్టు పనిచేయడం లేదు. దీపావళి పోయినా ఎండ పోలేదు. నాలుగు అంతస్తులు ఎక్కేసరికి ఆయనకు చెమటలు కారిపోయాయి. మగ్గాల షెడ్డులో ఒంటిమీద చొక్కా ఉంచుకునే అలవాటు ఎవరికీ ఉండదు. మెట్ల మీదనే చొక్కా విప్పి భుజాన వేసుకుని, చివరి మెట్టు మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటున్నాడు. ఎదురింటి తలుపు తెరుచుకుని ఒక పెద్దావిడ చెంబుతో నీళ్లు తెచ్చింది. నీళ్లు ఇవ్వబోతూ ఆయన ఛాతీ మీద జంధ్యం చూసింది. చెంబు కింద పెట్టి రెండు చేతులూ జోడించి, "మహారాజ్, లోపలికి వచ్చి కూర్చోండి" అంది.

ఇక్కడ మహారాజ్ అంటే బ్రాహ్మణుడు. మేము పద్మశాలీలం. మా మగవాళ్లు జంధ్యం వేసుకుంటారు, ఏటా రాఖీ పున్నమినాడు పాతది తీసి కొత్తది వేసుకుంటారు. మా ఆయనకూ ఉంది, కంపెనీ యూనిఫాం కింద ఎవరికీ కనపడదు. జంధ్యమూ ఉంటుంది, ఆదివారం మాంసమూ ఉంటుంది. ఆ రెంటికీ మా ఇంట్లో ఎప్పుడూ తగువు రాలేదు. మా జిల్లాలో నేతగాడి ఒంటి మీద జంధ్యం చూసి ఎవరూ పొరబడరు. సూరత్‌లో పొరబడతారని ఆరోజే తెలిసింది.

తరువాత ఎవరూ ఏమీ అడగలేదు, మేమూ ఏమీ చెప్పలేదు. ఎదురింటావిడ సొసైటీ పెద్దలకు చెప్పింది, బ్రోకరు పొంగిపోయాడు. యజమాని ముంబైలో ఉంటాడు. పదకొండు నెలలు అద్దెకు ఉండండి, నచ్చితే మీకే అమ్ముతానన్నాడు. మా ఆయన మెట్లు దిగుతూ, "చెప్పుదామా?" అని అడిగాడు. "అడిగిండ్రా ఎవలన్న?" అన్నాను. నాకు ఆ మాట ఇప్పుడూ తప్పనిపించదు.

సామాను సర్దేటప్పుడు మాంసం వండే గిన్నెను గుడ్డలో చుట్టి అటక మీద వెనక్కి తోసేశాను. ఆదివారాలు లింబాయత్‌లో ఆడబిడ్డ ఇంటికి పోయి తిని, సోంపు నములుకుంటూ తిరిగి వచ్చేవాళ్లం. పాప ఈ పనిలో మా అందరినీ మించిపోయింది. స్నేహితురాళ్లు అడిగితే, "మేము కేకు కూడా గుడ్డు లేనిదే తింటాం" అని గుజరాతీలో చెబుతుంటే విన్నాను. ఎవరూ నేర్పలేదు దానికి. నాకు ముచ్చటేసింది.

ఇబ్బందల్లా మామయ్యతోనే. ఆయన మాట మానడు, మెల్లగా మాట్లాడలేడు. జీవితమంతా మగ్గాల చప్పుడు మీద అరిచి మాట్లాడినవాడు, చెవులు కూడా సగం పోయాయి. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంటాడు. మెట్ల మీద పిల్లలు కాళ్లకు దండం పెడుతుంటే మొదట్లో నవ్వేవాడు. ఇంట్లోకి వచ్చి, "నన్ను బాపనోన్ని జేసి కూసోబెట్టిండ్రు" అనేవాడు. నేను పరుగెత్తి కిటికీలు మూసేదాన్ని. ఎదురింటావిడ మనవడికి జ్వరం వస్తే తీసుకొచ్చి ఆయన ముందు నిలబెట్టింది. నెత్తిన చెయ్యి పెట్టి "సల్లగుండు కొడుకా" అన్నాడు. అందులో ఆయనకు ఏ అభ్యంతరమూ కనపడలేదు. దీవించడానికి ఏ కులమైతేనేం అనుకున్నాడో ఏమో.

ఎదురింటావిడ గురించి చెప్పాలి. మంచి మనిషి. భర్త పోయి కొన్నేళ్లయింది. కొడుకూ కోడలూ పొద్దున పోతే రాత్రికి వస్తారు. నేను టిక్కీలు అంటిస్తుంటే వచ్చి పక్కన కూర్చునేది, కంటికి ఆనకపోయినా నాలుగు అంటించి పోయేది. నాకు గుజరాతీ నేర్పింది ఆవిడే. ఆమె దగ్గర నేను దాచింది ఆ ఒక్కటే. అది కూడా రోజూ గుర్తుండేది కాదు.

నెలలు గడిచాయి. నేను ఇల్లు మనసులో కొనేసుకున్నాను. ఏ గోడకు అల్మారా పెట్టించాలో, బాల్కనీకి ఏ రంగు వేయించాలో అనుకుంటూ నిద్రపోయేదాన్ని. దసరా పోయాక రాసుకుందామని యజమాని మాట ఇచ్చాడు. ఇంక దసరాదాకా ఊపిరి బిగపడితే చాలు.

దసరాకు ముందు పెత్రమాస వస్తుంది. చనిపోయిన పెద్దలకు పెట్టుకునే అమావాస్య. ఆ పక్షం రోజులూ గుజరాతీ ఇళ్లలోనూ పెద్దలకు పెట్టుకుంటారు, వాళ్లది పూరీ పాయసం. మాది మాంసం. పోయినవాళ్లకు బతికుండగా ఏది ఇష్టమో అది పెట్టాలి. మా అత్తమ్మ నా పెళ్లికి ముందే పోయింది, నాకు ఫోటోలోనే తెలుసు. ఏటా మామయ్య తానే పోయి మాంసం తెచ్చి, దగ్గరుండి వండించి, ఆమెకు పెట్టి, ఆ తర్వాతే తాను తింటాడు. కల్లు కూడా పెట్టాలి గానీ గుజరాత్‌లో దొరకదని ఆ వాటా ఎప్పుడో మానేశాడు.

నేను ముందే మాట తీశాను. "మామా, ఈసారి అత్తమ్మకు పప్పు, కూరగాయలతోని పెడదాం. ఒక్క యేడే. ఇల్లు మనదైనంక మన ఇష్టం" అన్నాను. ఆయన నా పెదవుల వైపు కాసేపు చూశాడు. అర్థం కాలేదేమోనని మళ్లీ చెప్పబోతే, "సమజైంది బిడ్డా. నీ ఇష్టం" అన్నాడు. లేచి పోయి బాల్కనీలో కూర్చున్నాడు. నాకు కొంచెం బాధనిపించింది. ఒక్క ఏడే కదా అనుకున్నాను.

ఆ పక్షంలోనే ఎదురింటావిడ భర్త తిథి వచ్చింది. గుడి పూజారికి ఆరోజు చాలా ఇళ్లున్నాయి, ఆయన వచ్చేసరికి పొద్దు వాలిపోతుంది. ఎదురుగా మహారాజ్ ఉండగా ఇంకెవరికోసమో ఎందుకు ఎదురుచూడాలని ఆవిడ ముందురోజు సాయంత్రం మా ఇంటికి వచ్చింది. మామయ్య నిద్రపోతున్నాడు. రేపు మధ్యాహ్నం భోజనానికి పంపమని అడుగుతూ నా చేతులు పట్టుకుంది. వస్తాడని చెప్పాను. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి, ఆ చెప్పడమే నాకు అవసరం లేనిది.

మామయ్య లేచాక, "ఎదురింట్ల రేపు బువ్వకు పిలిచిండ్రు, పోయిరా" అన్నాను.

"ఏంది కత?"

"ఏం లేదు. పూరీలు, పాయసం."

"ఎవరి పేరు మీద?"

ఆయనకు అంత త్వరగా తెలుస్తుందనుకోలేదు. "ఆమె పెనిమిటి పేరు మీద" అన్నాను. మర్నాడు ఆయన తలస్నానం చేసి ఉతికిన ధోతి కట్టుకుంటుంటే గండం గడిచిందనుకున్నాను.

రెండు తలుపులకూ మధ్య నాలుగు అడుగుల దూరం కూడా ఉండదు. నేను మా గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఎదురింట్లో నేలమీద ముగ్గు, పీట, పీట ముందు వెండి కంచం, గోడవారగా దండ వేసిన ఫోటో. ఆవిడ కాళ్లు కడగడానికి నీళ్లు పట్టుకుని నిలబడింది. మామయ్య గుమ్మం దగ్గర ఆగాడు, లోపలికి అడుగు పెట్టలేదు. తనకు వచ్చిన షెడ్డు హిందీలో, షెడ్డు గొంతుతో చెప్పాడు.

"మాజీ, మై బామన్ నహీఁ. హమ్ బునకర్ లోగ్ హైఁ. గోష్ ఖాతే హైఁ."

నేను బ్రాహ్మణ్ణి కాదు, నేతవాళ్లం, మాంసం తింటాం. అంతకన్నా తేటగా ఎవరూ చెప్పలేరు. పై అంతస్తులో ఒక తలుపు తెరుచుకుంది, కింద ఇంకొకటి. ఆయనకు అవి వినపడవు. చొక్కా లోపలి జంధ్యాన్ని వేలికి తగిలించి చూపిస్తూ, ఇది మా కులం అంతా వేసుకుంటారని చెప్పాడు. "నేను తింటే మీ ఆయనకు అందదు. ఎవరు తింటే అందుతుందో వాళ్లను పిలిపించండి" అన్నాడు. ఆవిడ చేతిలో నీళ్లు చేతిలోనే ఉన్నాయి. మామయ్య వెనక్కి తిరిగి వచ్చి, చొక్కా కొక్కేనికి తగిలించి, "అన్నం ఉన్నదా బిడ్డా?" అని అడిగాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. కంచం ఆయన ముందు పెట్టిన చప్పుడు ఆయనకు కూడా వినపడే ఉంటుంది. "ఇంత లొల్లి ఎందుకు మామా? రెండు పూరీలు తినొస్తె అయిపోతుండె" అన్నాను, ఆయన పెదవులు చదువుకునేలా ఒక్కొక్క మాట విడదీసి.

"నాకైతె అయిపోతుండె బిడ్డా. ఆయనకు?"

"పది నెలల సంది మహారాజ్ అంటె ఊకున్నవ్ గద. ఇయ్యాల ఏమైంది?"

ఆయన ముద్ద కలుపుతూ చెప్పాడు. "బతికున్నోళ్లతోని ఎన్ని అబద్ధాలన్న ఆడొచ్చు. గీడ పెట్టకుంటె గాడ తింటరు. సచ్చినోనికి యాడాదికి ఒక్క పూటనాయె. అది గూడ మనం ఎట్ల గుంజుకుంటం?"

ఈయనకు ఆ పోయినాయన ఆకలి గుర్తొచ్చింది గానీ మా ఇల్లు గుర్తు రాలేదా అని లోపల ఉడికిపోయాను. సాయంత్రం మా ఆయన వచ్చి, సంగతి విని, నవ్వబోయి నా మొహం చూసి ఆపుకున్నాడు. ఎదురింటికి గుడి పూజారి పొద్దు వాలాక వచ్చాడు. అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరూ తినలేదు.

తరువాతి రోజులు ఏమీ జరగకుండానే గడిచాయి. సొసైటీ వాట్సాప్ గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు. లిఫ్టులో అందరూ మర్యాదగానే ఉన్నారు, కాకపోతే మాటలు తగ్గాయి. పిల్లలు మామయ్య కాళ్లకు దండం పెట్టడం మానేశారు. ఆయన అది గమనించనే లేదు.

పెత్రమాసకు ముందురోజు ఎదురింటావిడ వచ్చింది. ఎప్పటిలాగే నా పక్కన కూర్చుని నాలుగు టిక్కీలు అంటించింది. తర్వాత నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"కాకా మీద నాకు కోపం లేదు బేటీ. నిజం చెప్పాడు. మీరు మంచివాళ్లు, శుభ్రంగా ఉంటారు. మిమ్మల్ని ఎవరూ పొమ్మనడం లేదు. ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు అద్దెకు ఉండండి. కొనడం మాత్రం వద్దు. సొసైటీ పెద్దలు యజమానికి కూడా అదే చెప్పారు."

"తినేవాళ్లం అద్దెకైతే పనికొస్తామా?" అని అడిగాను.

"అద్దెకుంటే ఈ ఇంట్లో వండవు, నాకు తెలుసు" అంది. "ఇల్లు మీదైతే ఇంక మీ ఇష్టం కదా."

అందులో ఎగతాళి లేదు, ద్వేషమూ లేదు. పైగా ఆమె అన్నది నిజం. ఇల్లు మనదైనంక మన ఇష్టమని మామయ్యతో నేనే అన్నాను. నన్ను ఇంత బాగా తెలిసిన మనిషి ఈ ఊళ్లో ఇంకొకరు లేరు. అందుకే ఎక్కువ నొప్పి పుట్టింది. ఆమె చెయ్యి ఇంకా నా చేతిమీదనే ఉంది, మెత్తగా రాస్తూనే ఉంది. నేను మెల్లగా నా చెయ్యి తీసుకుని పనిలో పడ్డాను. కాసేపు కూర్చుని పోయింది.

రాత్రి అన్నాలయ్యాక మా ఆయనతో, రేపు పొద్దున మటన్ తెమ్మన్నాను.

"లింబాయత్‌కా?"

"ఈడికే."

"ఈడనే వండుతవా?" అని ఇంకోసారి అడిగాడు. వండుతానన్నాను. ధైర్యంగా అన్నానని చెప్పలేను. ఆ ఇంటి మీద నాకు ఉన్న ఆశ అంతా ఆ ఒక్క మాటతో నేనే తుడిచేసుకుంటున్నానని తెలిసే అన్నాను, అన్నాక ఏడుపొచ్చింది. అద్దెకు ఉండి, గిన్నె అటక మీద పెట్టుకుని, ఆ బాల్కనీలో నిలబడి గాలి పీల్చుకుంటూ ఎన్నేళ్లయినా గడపొచ్చు. అట్లా గడపడం నాకు చాతకాదనిపించింది.

పొద్దున గిన్నె దించి తోమాను. ఉల్లిగడ్డ వేగి, మసాలా పడి, కుక్కరు విజిల్ వేసేసరికి వాసన మెట్లదాకా పోయి ఉంటుంది. కిటికీలు మూయలేదు. మామయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. గిన్నెలోకి వంగి చూసి, "ఉప్పు జర తక్కువెయ్యి, ఆమెకు తక్కువనే ఉండాలె" అన్నాడు. ఇన్నేళ్లలో అత్తమ్మ గురించి నాకు కొత్తగా తెలిసిన సంగతి అది.

విస్తరిలో అన్నం, మాంసం వడ్డించి ఇస్తే బాల్కనీకి తీసుకుపోయి గోడవార పెట్టాడు. నీళ్లు చిలకరించి దండం పెట్టాడు. మేము ముగ్గురం వెనక నిలబడ్డాం. అంతటితో లోపలికి వస్తాడనుకున్నాను. రాలేదు. ఎదురుగా కూర్చున్న మనిషితో చెప్పినట్టు, షెడ్డు గొంతుతో చెప్పడం మొదలుపెట్టాడు.

"ఏమే, ఈసారికి ఈడనే తిను. వచ్చే యేడు ఈడికి రాకు, మనం ఈడ ఉండం. కడోదరాకు రా. హైవే దాటినంక నీళ్ల ట్యాంకు ఉంటది, దాని ఎనుక సందు. నా దోస్తు ఇంటి పక్కపొంటి ఇల్లు మనది. వాకిలి ఉంటది, గుర్తుపట్టు."

ఆయన గొంతుకు కింద నడిచేవాళ్లు తలెత్తి చూశారు. మా ఆయన నా వైపు చూశాడు. ఎక్కడికి పోవాలో మేమింకా అనుకోనే లేదు, కడోదరా మాట మాలో ఎవరూ ఎత్తలేదు. హజీరాకు ఎంత దూరమో, బస్సు ఎక్కడ ఆగుతుందో, పాప బడి ఏం కావాలో, చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. కానీ ఆమెకు చెప్పేశాడు. ఇప్పుడు మేము ఇంకోచోటికి పోతే, వచ్చే ఏడు ఆమె ఆ సందులో మా కోసం వెతుక్కుంటుంది.